డెక్కల చప్పుడు వినపడని గది

“ఆవిడ మెట్ల మీంచి జారిపడింది. అంతకుమించి ఇందులో ఏమీ లేదండీ. మీరు అనవసరంగా ఎండన పడి వచ్చారు.”

రేసు క్లబ్బు కార్యదర్శి ఈ మాట చాలా మర్యాదగా అన్నాడు. అన్నాక, ఎదుటి కుర్చీలోని ఆడమనిషి లేచి వెళ్ళిపోతుందేమోనని కాసేపు చూశాడు. ఆమె లేవలేదు సరికదా, చెప్పులు వదిలి కాళ్ళు కాస్త ముందుకు చాపుకుంది.

ఆమెను అందరూ వదిన అంటారు. పోలీసు ఇన్‌స్పెక్టరు ఆమెకు స్వయానా మరిది. ‘మా వదిన ఇలా అడ్డుపడింది, మా వదిన అలా వేలు పెట్టింది’ అని అతను స్టేషన్లో పొద్దస్తమానం తిట్టుకోవడం విని విని, కానిస్టేబుళ్ళ దగ్గర్నుంచి ప్లీడర్ల దాకా ఆ పేరే ఖాయం చేసేశారు. వేలిముద్రల విభాగంలో చాలాకాలం పనిచేసి, పై అధికారితో మాటామాటా వచ్చి, ఉద్యోగం మొహాన కొట్టి సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు పెట్టుకున్న మనిషి. యాభై దాటినా నడకలో వేగం తగ్గలేదు, మాటలో పదును తగ్గలేదు.

ఇవాళ ఆమెను ఇక్కడికి పంపింది ఓ పళ్ళ డాక్టరు. అతని అత్తగారు పోయిన ఆదివారం, కొత్త స్టాండు తెరిచిన మూడో వారంలో, పెద్ద పందెం జరుగుతుండగా వెనక ఇనపమెట్ల కింద పడి కనిపించింది. అప్పట్నుంచీ ఆసుపత్రిలో స్పృహ లేకుండా ఉంది. వంతెనల ఇంజినీరుగా చేసి రిటైరైన ఆ పెద్దావిడ, ట్రాకు పక్కనుండే తెల్ల కంచెను ఆనుకుని ఏళ్ళ తరబడి ఒకే చోట నిలబడి పందాలు చూసేది. అభిమానులు ఆవిడకు కంచె అమ్మమ్మ అని పేరు పెట్టుకున్నారు.

“ఆవిడకూ మీకూ పడేది కాదటగా?” అంది వదిన.

“ఆవిడకు ఈ కొత్త స్టాండంటేనే పడదు. నేనేం చేశానండీ? రాతిమెట్ల మీద కూర్చుని నడుములు పట్టేసిన జనానికి మెత్తటి కుర్చీలు వేయించాను. సభ్యులకు ఈ చల్లటి అద్దాల హాలు, మామూలు జనానికి మన నెత్తిన గాలాడే బాల్కనీ, ఎదురుగా అంత పెద్ద తెర. మంచికి పోతే చెడు ఎదురైనట్టు, రోజూ ఆవిడ ఫిర్యాదులే.”

“ఏమని?”

“కంచె దగ్గరకు ఎవర్నీ రానివ్వడం లేదని. అక్కడ పూలమొక్కలు వేసి, గేటుకు తాళం పెట్టాం. టీవీ కెమెరాలకు జనం అడ్డు లేకుండా.”

“ఆదివారం ఆ పెద్ద పందెమప్పుడు మీరెక్కడున్నారు?”

“ఇక్కడే, ఇదే కుర్చీలో. అందరి కళ్ళూ బయట ఉంటాయి కాబట్టి నన్ను చూశానని చెప్పేవాడు దొరక్కపోవచ్చు.” కార్యదర్శి నవ్వాడు. “కానీ పందెం మొత్తం పూసగుచ్చినట్టు చెప్పగలను. చివరి మలుపు దాకా బూడిదరంగు గుర్రం వెనకే ఉంది. మలుపు తిరగ్గానే లోపలి వైపు నుంచి దూసుకొచ్చింది చూడండీ! ఆ డెక్కల చప్పుడు గుండెల మీద మద్దెల వాయించినట్టు... ఒళ్ళు జలదరించింది. చిన్నప్పట్నుంచీ చూస్తున్నాను, అలాంటి పరుగు ఇంకోటి చూడలేదు.”

ఆ ఒక్క మాటా అతను మనసులోంచి చెప్పాడు. అది చెబుతున్నంతసేపూ మొహం వెలిగిపోయింది. గుర్రాల పిచ్చి నటించేది కాదని వదినకు అర్థమైంది.

అంతలో ఆ రోజు మొదటి పందెం మొదలైంది. అద్దం అవతల గుర్రాలు మెడలు సాచి పరుగెత్తుకొచ్చాయి. మట్టి ఎగిరింది, జాకీల రంగురంగుల చొక్కాలు గాలికి ఉబ్బాయి. తొట్టెలో చేపల్లా అలా వచ్చి ఇలా వెళ్ళిపోయాయి. గోడకున్న స్పీకరులోంచి కామెంటేటర్ గొంతు తప్ప హాల్లోకి ఇంకేమీ రాలేదు. పక్క సోఫాలోని సభ్యుడు ఆవలించాడు. వదిన టీ ఆఖరి గుక్క తాగి, చెప్పులు తొడుక్కుని లేచింది.

“బాల్కనీ చూసి వస్తాను. మీరు లేవకండి.”

పై బాల్కనీ కిక్కిరిసి ఉంది. అక్కడ తలుపులూ లేవు, అద్దాలూ లేవు. సభ్యులు కానివాళ్ళంతా అక్కడే. వరుస చివర కూర్చున్న బస్సు డ్రైవరమ్మ, కంచె అమ్మమ్మ పేరు వినగానే పక్కకు జరిగి చోటిచ్చింది. సెలవు దొరికితే పందాలకు తప్ప ఇంకెక్కడికీ వెళ్ళని మనిషి ఆమె.

“కొత్తది బాగుందా?” అంది వదిన.

“బాగోలేదంటే కళ్ళు పోతాయి మేడమ్. టాయిలెట్లు శుభ్రంగా ఉన్నాయి, ఆ కట్టినోళ్ళకు రోజూ దండం పెడుతున్నా. వాన పడితే తడవం. ఎండకి మాడం. కానీ...” అని ఆమె దూరంగా కనిపిస్తున్న ఖాళీ కంచె వైపు చెయ్యి చూపింది. “అక్కడ నిలబడితే గుర్రం ఊపిరి వినబడేది. డెక్క మట్టి వచ్చి మొహాన పడేది. ఇంటికెళ్తే మా ఆయన ‘ఏంటే, పొలం దున్నొచ్చావా’ అనేవాడు. ఇప్పుడు ఇక్కడ కూర్చుని తెర చూడాలి. తెరే చూడాలంటే ఇంట్లో టీవీ లేదా నాకు?”

“మరి మజా ఏముంది?”

“మజా మేమే తెచ్చుకున్నాం. కంచె దగ్గర లేం కదా, చివరి మలుపు రాగానే అందరం ఒకేసారి కాళ్ళతో నేల వాయిస్తాం. పాత రాతిమెట్ల మీద ఎంత తొక్కినా చప్పుడే రాదు. ఇక్కడైతే భలే ఉంటుంది. నేల కూడా మనతో పాటు ఊగుతుంది, ఉయ్యాల్లాగ!”

వదిన నవ్వు ఆగిపోయింది.

“ఊగుతుందా?”

“మీరే చూద్దురు గానీ. ఇంకాసేపట్లో రెండో పందెం.”

“పోయిన ఆదివారం అమ్మమ్మ మీ పక్కనే కూర్చుందా?”

“ఇక్కడే కూర్చుంది. పెద్ద పందెం మొదలవ్వబోతుంటే లేచేసింది. ‘ఇప్పుడెక్కడికి అమ్మమ్మా’ అంటే, ‘మీరు పైనుంచి చూడండి, నేను కిందనుంచి చూడాల్సింది ఒకటుంది’ అంది. గుర్రాలు బయల్దేరే గేటు దగ్గరుండగా ఆవిడ లేచి వెళ్ళడం నేనెప్పుడూ చూళ్ళేదు మేడమ్.”

వదిన వెనకవైపు ఇనపమెట్ల దారి పట్టింది.

బాల్కనీ పక్కగోడను ఆనుకుని దిగే ఆ మెట్లకు సగంలో, మనిషి నిలబడేంత చదునైన చోటుంది. అక్కడ నిలబడితే నెత్తి మీద బాల్కనీ అడుగుభాగం, దాన్ని మోసే ఉక్కు దూలం, ఆ దూలం స్తంభంలో కలిసే చోటు చేతికి అందేంత దగ్గర. ఆ చదును మీద అప్పటికే ఇన్‌స్పెక్టరు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉన్నాడు.

“వచ్చేశావా వదినా? ఇంకా రాలేదేంటా అనుకుంటున్నాను.”

“నువ్వెందుకొచ్చావు మరిదీ? జారిపడిందని కేసు మూసేశావటగా?”

“మూసేశాక కూడా తవ్వే మనిషి మా ఇంట్లోనే ఉంది కదా అని వచ్చాను. ముసలావిడ, ఇనప మెట్లు, ఆవేళ వాన. ఇంకేం కావాలి నీకు?”

“నెత్తి మీద అంత బాల్కనీ ఉంటే వాన ఇక్కడికెలా వచ్చింది? గొడుగేసుకుని వచ్చిందా?”

ఇన్‌స్పెక్టరు పైకి చూశాడు. చూసి, తల దించుకున్నాడు.

“సరే, తడి లేదనుకో. పందెం చూస్తూ దిగింది. బైనాక్యులర్స్ కళ్ళకు పెట్టుకుని మెట్టు చూసుకోలేదు.”

“ఆ బైనాక్యులర్స్ తోలుసంచిలో, బకిలు పెట్టి ఉన్నాయి. నువ్వు తీయించిన ఫోటోలోనే ఉంది. ఆ ఫోటోలోనే ఇంకోటి ఉంది. ఆవిడ వెల్లకిలా పడింది. తల కింది మెట్ల వైపు, కాళ్ళు పై మెట్ల వైపు. అవునా?”

“అయితే?”

“దిగే మనిషికి కాలు జారితే వెనక్కి కూలబడుతుంది. తల పై మెట్ల వైపుంటుంది. ఎక్కే మనిషికి కాలు తడబడితే ముందుకు పడుతుంది, మోకాళ్ళు కొట్టుకుపోతాయి. ఆవిడ మోకాళ్ళ మీద గీత కూడా లేదని ఆసుపత్రి వాళ్ళు చెప్పారు. అంటే ఆవిడ మొహం పైకి పెట్టి నిలబడి ఉంది. ఎదురుగా, ఈ చదును మీద, నువ్వు నిలబడ్డ చోటే ఇంకో మనిషి ఉన్నాడు. వెనక్కి తోశాడు.”

ఇన్‌స్పెక్టరు తెలియకుండానే ఒక అడుగు పక్కకు వేశాడు. వేసినందుకు తన మీద తనకే ఒళ్ళు మండింది.

“ఎవడో గాల్లోంచి ఊడిపడి తోశాడా? ఎందుకు తోస్తాడు? ఆవిడ దగ్గర నగలున్నాయా, నట్రా ఉందా? నీకు అలవాటైపోయింది వదినా. అన్నయ్య చొక్కా గుండీ ఊడినా అందులో కుట్ర వెతుకుతావు.”

“మీ అన్నయ్య గుండీల్లో కుట్ర ఉండదు, పొట్ట ఉంటుంది. ఇటు చూడు.”

ఆమె వేలు పెట్టి చూపించింది. దూలం స్తంభంతో కలిసే అతుకు మీద పాత పందెపు టికెట్లు అంటించి ఉన్నాయి. ఒక్కో టికెట్టూ సగం దూలం మీద, సగం స్తంభం మీద. అన్నీ సరిగ్గా నడిమికి చిరిగిపోయి ఉన్నాయి.

“ఎవరో పోకిరీ పని,” అన్నాడు ఇన్‌స్పెక్టరు.

“వంతెనల ఇంజినీరు పని. రెండు ముక్కలు కలిసిన చోటు కదులుతోందో లేదో తెలుసుకోవడానికి దాని మీద కాగితం అంటిస్తారు. కదలకపోతే కాగితం ఉంటుంది. కదిలితే చిరుగుతుంది. ఆవిడ మీద పడి దొంగతనం జరగలేదన్నావు కదా, మరి ఆవిడ ఫోనేదీ?”

“గలాటాలో ఎవడో కొట్టేసి ఉంటాడు.”

“బైనాక్యులర్స్ వదిలేసి, ఫోను మాత్రమే కొట్టేశాడు. అందులో ఈ అతుకు ఫోటోలున్నాయి కాబట్టి.”

ఇన్‌స్పెక్టరు నోరు తెరిచేలోపే కామెంటేటర్ గొంతు హెచ్చింది. రెండో పందెం చివరి మలుపుకొచ్చింది. పైన వందల కాళ్ళు ఒక్కసారిగా నేల మీద పడ్డాయి. ధన్, ధన్, ధన్. వదిన మరిది భుజం పట్టుకుని అతుకు వైపు తిప్పింది. ప్రతి దెబ్బకూ దూలం స్తంభం నుంచి పక్కకు జరుగుతోంది, మళ్ళీ దగ్గరకొస్తోంది. జరిగినప్పుడల్లా చిటికెనవేలు దూరేంత సందు తెరుచుకుని, అందులోంచి ఆకాశం కనబడుతోంది. పెచ్చులు రాలి ఇన్‌స్పెక్టరు టోపీ మీద పడ్డాయి.

గుర్రాలు గీత దాటాయి. కాళ్ళు ఆగాయి. సందు మూసుకుంది.

“అమ్మ బాబోయ్,” అన్నాడు ఇన్‌స్పెక్టరు, మెల్లగా.

“ఇవాళ పెద్ద పందెం ఇంకా ఉంది. దానికి ఇంతకు రెట్టింపు తొక్కుతారు,” అంది వదిన.

అప్పుడే పైనుంచి గబగబా మెట్లు దిగుతున్న చప్పుడైంది. కార్యదర్శి. హాల్లో ఉన్నప్పటి తీరికంతా ఎగిరిపోయి, చేతిలో తాళంచెవుల గుత్తి గలగలలాడిస్తూ వచ్చాడు.

“మీరిక్కడేం చేస్తున్నారు? ఈ మెట్లు సిబ్బందికి మాత్రమే.”

“ఏం లేదండీ, వింటున్నాం,” అంది వదిన. “ఇక్కడ నిలబడితే డెక్కల చప్పుడు భలే వినబడుతోంది కదూ?”

“అవును, ఇక్కడికి బాగా...” అని ఆగిపోయాడు కార్యదర్శి.

“మీ అద్దాల హాల్లో మాత్రం ఒక్క డెక్క కూడా వినబడలేదు. మొదటి పందెం మీ ఎదురుగానే కూర్చుని చూశాను. పాపం, చాలా మంచి అద్దం వేయించారు. మరి పోయిన ఆదివారం బూడిదరంగు గుర్రం డెక్కలు మీ గుండెల మీద మద్దెల వాయించాయన్నారే, అది ఏ కుర్చీలో కూర్చుంటే వినబడింది?”

కార్యదర్శి ఇన్‌స్పెక్టరు వైపు చూశాడు, అక్కడేమన్నా ఆసరా దొరుకుతుందేమోనని. ఇన్‌స్పెక్టరు టోపీ తీసి దాని మీద పెచ్చులు దులుపుకుంటున్నాడు.

“అతుకు సంగతి మీకు తెలుసు,” అంది వదిన.

“బోల్టులు కాస్త వదులని చెప్పారు,” అన్నాడు కార్యదర్శి. “సీజను అయ్యాక మార్చేద్దామనుకున్నాం. ఇప్పుడు మూస్తే నేను కట్టించిన స్టాండు నెలకే మూతపడిందని లోకమంతా నవ్వదా? జనం కూర్చుంటారనుకున్నాను గానీ, ఇలా తొక్కుతారని ఎవరనుకున్నారు?”

“కంచె దగ్గర నిలబడేవాళ్ళను తీసుకెళ్ళి మేడ మీద కట్టేస్తే ఏం చేస్తారు? ఆవిడ్ని మీరేం చేశారు?”

“ఆవిడ సంగతి నాకు తెలీదు. ఆవిడ్ని నేను చూడలేదు.”

పైన మళ్ళీ గోల మొదలైంది. పెద్ద పందెం గుర్రాలు ట్రాకు మీదకు వస్తున్నాయని స్పీకరు చెప్పింది. జనం సరదాగా, ఊరికే, కాళ్ళు ఆడించడం మొదలుపెట్టారు. దూలం కిర్రుమంది.

ఇన్‌స్పెక్టరు విజిల్ నోట్లో పెట్టుకున్నాడు. వదిన లాగేసింది.

“ఏం చేస్తున్నావు? ‘కూలిపోతోంది, పరుగెత్తండి’ అంటావా? ఉన్నవి రెండే మెట్లదారులు. బాల్కనీ కూలకముందే జనం ఒకరినొకరు తొక్కి చంపుకుంటారు.”

“మరి చూస్తూ ఊరుకోనా?”

“గుర్రాల్ని బయల్దేరే గేటు దగ్గరే ఆపమని ఫోన్ చెయ్యి. నీ వాళ్ళను మెట్ల దగ్గర నిలబెట్టు. కంచె గేటు తెరిపించు. జనాన్ని నేను దించుతాను.”

“ఎలా?”

వదిన అప్పటికే కామెంటేటర్ గది వైపు పరుగులాంటి నడకతో వెళ్ళిపోతోంది.

“తాళం నా దగ్గరే ఉంది, నేనే తీస్తాను,” అన్నాడు కార్యదర్శి ఆత్రంగా. ఇన్‌స్పెక్టరు ఒక్క క్షణం ఆలోచించాడు. పేరున్న మనిషి, ఎక్కడికి పోతాడు? పైగా కానిస్టేబుళ్ళందరూ మెట్ల దగ్గర కావాలి. పొమ్మని చెయ్యి ఊపాడు.

కామెంటేటర్ కాదనేలోపే వదిన మైకు అందుకుంది. ఊపిరి కుదుటపరుచుకుంది. ఇంట్లో చుట్టాలను భోజనానికి పిలుస్తున్నంత తాపీగా మాట్లాడింది.

“బాల్కనీలో ఉన్నవాళ్ళందరికీ ఒక మంచి కబురు. మీరంతా కంచె దగ్గర నిలబడి చూడాలని ఎంతగా అడుగుతున్నారో క్లబ్బుకు తెలుసు. ఈ పెద్ద పందానికి గేటు తెరుస్తున్నాం. మెల్లగా, ఒక వరుస తర్వాత ఒక వరుస దిగి రండి. తొందరేమీ లేదు. మీలో ఆఖరి మనిషి కంచె పట్టుకునేదాకా ఒక్క గుర్రం కూడా కదలదు. అది నా మాట.”

బాల్కనీ అంతా ఒకటే కేక. సంతోషంతో వేసిన కేక. ఆఖరి వాక్యం పనిచేసింది. గుర్రాలు ఆగుతాయని తెలిశాక ఎవరికీ తోసుకోవాల్సిన పని లేకపోయింది. ముసలివాళ్ళకు చెయ్యి అందిస్తూ, పిల్లల్ని చంకనెత్తుకుంటూ వరుసలు వరుసలుగా దిగారు. బస్సు డ్రైవరమ్మ తన వరుసనంతా బస్సు దింపినట్టే దింపింది. “ముందు దిగేవాళ్ళను దిగనివ్వండి, తోసుకోకండి, సామాన్లు చూసుకోండి!”

వదిన ఆ గది కిటికీలోంచి బాల్కనీ వైపే చూస్తూ నిలబడింది. చివరి వరుస ఖాళీ అయింది. కుర్చీలు తప్ప ఇంకేమీ మిగల్లేదు.

గుర్రాలు వదిలారు.

చివరి మలుపులో అవి జనానికి చేతికందేంత దగ్గర నుంచి వెళ్ళాయి. ఆ చప్పుడు నేలలోంచి పుట్టి కాళ్ళలోంచి ఎక్కి వచ్చింది. మైదానమంతా కాళ్ళు వాయించింది. గట్టి నేల, ఎంత వాయించినా ఏమీ కాదు. మొహాల మీద మట్టి పడ్డవాళ్ళు తుడుచుకోకుండా నవ్వుతున్నారు. పందాలంటే ఏమిటో తెలియని వదిన కూడా కిటికీలోంచి సగం బయటికి వంగి చూసింది. ఇన్‌స్పెక్టరు వచ్చి పక్కన నిలబడ్డాడు.

“ఈసారికి నీదే పైచెయ్యి వదినా,” అన్నాడు. “స్టాండుకు సీలు వేయిస్తున్నాను. కార్యదర్శిని స్టేషనుకు తీసుకెళ్ళి కూర్చోబెడతాను. అన్నీ అతనే చెబుతాడు.”

“ఏడీ?”

ఇన్‌స్పెక్టరు కంచె గేటు వైపు చూశాడు. గేటు బార్లా తెరిచి ఉంది. తాళంచెవుల గుత్తి తాళానికే వేలాడుతోంది. దాని పక్కన ఎవరూ లేరు.

“వెంట ఎవర్నీ పంపలేదా?” అంది వదిన.

“పేరున్న మనిషి కదా అని...”

వదిన ఫోను మోగింది. పళ్ళ డాక్టరు. గొంతులో సంతోషం ఆపుకోలేకపోతున్నాడు.

“మేడమ్, అత్తయ్య కళ్ళు తెరిచింది! ఇందాకే. పెదాలు కదుపుతోంది, ఏదో చెప్పాలని చూస్తోంది. మాట ఇంకా రాలేదు.”

“చాలా సంతోషం. మీరు ఆవిడ మంచం పక్కనుంచి కదలకండి. తలుపు లోపల గడియ పెట్టండి. డాక్టరును తప్ప ఎవర్నీ రానివ్వొద్దు. మా మరిది జీపులో వస్తున్నాం.”

“నేనిప్పుడు గదిలో లేను మేడమ్. కింద క్యాంటీన్లో ఉన్నాను,” అన్నాడు డాక్టరు. “మీ రేసు క్లబ్బు కార్యదర్శిగారు పరామర్శకు వచ్చారు. చాలా మంచాయన. ‘పొద్దుట్నుంచీ తిండి లేకుండా కూర్చున్నట్టున్నారు, వెళ్ళి టీ తాగి రండి, అంతదాకా అమ్మమ్మను నేను చూసుకుంటాను’ అని ఆయనే నన్ను పంపించారు.”